చేపల పులుసు మీద నింద, బాక్టీరియా సాక్ష్యం

నా చేపల పులుసును ల్యాబ్ భవనంలోంచి వెలివేశారు. విచారణ లేదు, సాక్ష్యం లేదు. లంచ్ రూమ్ ఫ్రిజ్ తలుపు మీద "చేపలు తేరాదు" అని ఒక కాగితం అంటించారు, అంతే. ఆ భవనంలో చేపలు తెచ్చేవాణ్ని నేనొక్కణ్నే.

అది 1981. న్యూజెర్సీలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. గాజు సామాను కడగడం, బాక్టీరియాకి మీడియా, అంటే వాటి తిండి, కాయడం నా పని. కాకినాడలో నా చదువు హైస్కూలు దాటలేదు. అయినా ఆ ల్యాబ్ పుస్తకాలన్నిటితోనూ డిక్షనరీ పక్కన పెట్టుకుని కుస్తీ పట్టినవాణ్ని. అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నాను.

అక్కడ చూసేది కీమోటాక్సిస్. బాక్టీరియాకి కళ్లు లేవు, ముక్కు లేదు. అయినా తీపి ఎటుందో కనిపెట్టి అటు పోతుంది, పులుపు తగిలితే దూరం జరుగుతుంది. దాని ఒంటికి ఫ్లజెల్లా అనే సన్నని తోకలుంటాయి. అవి కట్టగా కలిసి తిరిగితే సూటిగా ఈదుతుంది. అది రన్. కట్ట విడిపోతే పిల్లిమొగ్గ వేసి ఏదో ఒక దిక్కుకు తిరుగుతుంది. అది టంబుల్. ఈదుతూ ఈదుతూ "ఇందాకటి కంటే ఇప్పుడు బాగుందా?" అని పోల్చి చూసుకుంటుంది. బాగుంటే అలాగే పోతుంది, లేకపోతే మొగ్గ వేసి ఇంకో దారి వెతుక్కుంటుంది.

దీన్ని పరీక్షించడానికి క్యాపిలరీ అనే వెంట్రుకంత సన్నటి గాజు గొట్టంలో చక్కెర నీళ్లు నింపి, దాని మూతిని బాక్టీరియా ఉన్న చుక్కలో పెడతారు. కాసేపయ్యాక ఎన్ని లోపలికి దూరాయో చూస్తారు. పక్కనే కంట్రోల్ గొట్టం ఉంటుంది. అందులో బఫర్, అంటే ఏ రుచీ లేని ఉత్త ద్రావణం. దారితప్పినవి తప్ప అందులోకి ఏవీ పోకూడదు.

ఆ ఏడాది దసరా వెళ్లాక కంట్రోల్ గొట్టాల్లోకి బాక్టీరియా తిరనాళ్లకి పోయినట్టు పోవడం మొదలెట్టాయి. ఆ ప్రయోగం చేస్తున్నది డాక్టర్ శర్మ. గుంటూరు కుర్రాడు, పీహెచ్‌డీ అయి వచ్చాడు, గుడ్డు కూడా ముట్టడు.

"దేవదానం గారూ, మీరు కోపం తెచ్చుకోకూడదండీ," అంటూ వచ్చాడు. "మీ పులుసు స్మెల్ కారిడార్ అంతా పట్టేస్తోందండీ. బఫర్‌లోకి దిగుతోందని నా డౌట్."

"మూత బిగించిన సీసాలోకా?"

"ఫిష్‌లో అమైనో యాసిడ్స్ ఉంటాయండీ. బాక్టీరియాకి అవంటే ఇష్టం."

"ఉంటాయి బాబూ. రెక్కలు కట్టుకుని ఎగిరొస్తాయా?"

"మీకు తెలీదండీ. ఇది సైన్స్."

ఆ ఆఖరి మాట నేనింకా మరచిపోలేదు. మర్నాటికి కాగితం వెలిసింది.

ఆ చలికాలమంతా పార్కింగ్ లాట్‌లో, మంచు కప్పిన కారులో కూర్చుని తిన్నాను. పులుసు మీద నూనె గడ్డకట్టేది, చెంచా పట్టిన వేళ్లు కొంకర్లు పోయేవి. "ఎందుకండీ ఈ పంతం, పప్పు పట్టుకెళ్లొచ్చుగా," అంది మా ఆవిడ రూతమ్మ. పప్పు పట్టుకెళ్తే నేరం ఒప్పుకున్నట్టే. పట్టుకెళ్లలేదు.

చివరికి డబ్బా తీసుకుని, ల్యాబ్ పెద్ద ప్రొఫెసర్ మార్గరెట్ బల్ల మీద పెట్టాను. "టెస్ట్ చేయండి. పులుసుదే తప్పయితే నేనే మానేస్తాను," అన్నాను. ఆవిడ నవ్వింది కానీ కాదనలేదు. పులుసు వడకట్టి ఒక గొట్టంలో నింపింది. శర్మ ముక్కు మూసుకుని పక్కనే నిలబడ్డాడు. పులుసు గొట్టంలోకి బాక్టీరియా దాదాపు పోనేలేదు. చింతపండు పులుపు అలాంటిది. ఉత్త బఫర్ గొట్టం మాత్రం ఎప్పటిలాగే కిక్కిరిసిపోయింది.

ఆవిడ స్టోర్ నుంచి కొత్త గొట్టాల పెట్టె తెప్పించి మళ్లీ చేసింది. ఈసారి కంట్రోల్ ఖాళీ. అప్పుడు శర్మ వాడుతున్న పాత పెట్టెను వెలుతురులో తిప్పి చూసింది.

"మూత మీద ఈ ఎర్రటిదేమిటి? తుప్పా?"

"కుంకుమ," అన్నాడు శర్మ, వినీ వినపడకుండా. "దసరాకి మేం పనిముట్లకి పూజ చేస్తాం. మైక్రోస్కోప్‌కి, ఈ పెట్టెకి..."

"కుంకుమకి బాక్టీరియా రావే?"

"పెట్టె తెరిచి గొట్టాల మీద పంచామృతం కూడా చల్లాను. అందులో తేనె, పంచదార ఉంటాయి. చాలా కొంచెమే చల్లాను!"

"వాటి నోటికి అది సముద్రం," అందావిడ. ఫ్రిజ్ మీది కాగితం ఆవిడే చింపింది. నేను మెయిన్ డోర్‌లోంచి డబ్బా ఊపుకుంటూ లోపలికొచ్చాను.

పూజ తప్పని నేననను. మా చర్చిలో మేమూ కొత్త కారుకి ప్రార్థన చేయిస్తాం. నా కోపం వేరు. శర్మ నాకు సారీ చెప్పలేదు. ఇంకో యూనివర్సిటీకి వెళ్లిపోయేదాకా "హలో అండీ" అని తప్పించుకు తిరిగాడు. ఆ కేసు నాకు నేర్పింది ఇదే: మెదడన్నది లేని పురుగు కూడా దారి బాగాలేదనిపిస్తే వెంటనే తిరుగుతుంది. మనిషికే మెడ తిరగదు.

నేను వదల్లేదు. క్రిస్మస్‌కి ఏటా ఫోన్ చేసి, శుభాకాంక్షలు చెప్పి, "ఇంతకీ నా పులుసు ఏం చేసింది బాబూ?" అని అడిగేవాణ్ని. ఏటా ఏదో మీటింగ్ ఉందని పెట్టేసేవాడు. 1987లో మాత్రం ఫోన్ పెట్టెయ్యలేదు. గొంతు తగ్గించి అన్నాడు:

"అది బాక్టీరియాని ఏమీ చేయలేదండీ, లాగింది నన్నే. ఆ వాసనకి ప్రయోగం వదిలేసి రోజూ లంచ్ రూమ్ దాకా నడిచొచ్చేవాణ్ని. ఇంకొన్నాళ్లుంటే మీ డబ్బా మూత తీసేవాణ్నని భయమేసి కాగితం అంటించానండీ. సారీ అండీ. మా అమ్మకి మాత్రం చెప్పకండి."