పున్నారావు పెట్టిన మందు

మెదక్‌లో మా మందుల కంపెనీ సేల్స్‌మన్లకు జయానందంగారు పెద్ద. చర్చి వెనక వీధిలో ఇల్లు. అమ్మకం నేర్పడంలో ఆయన పద్ధతే వేరు. పొద్దున్నే మమ్మల్ని వాకిట్లో నిలబెట్టి, తలమీద తువ్వాలు కప్పుకుని ముసలమ్మలా కూర్చునేవారు. "గీ పొట్లమేంది నాయనా, నాకెందుకు?" అని సతాయించేవారు. ఆ ముసలమ్మను ఒప్పిస్తేనే బస్సెక్కాలి. అబ్బబ్బ, ఏ అత్తగారూ అంత సాధించదు!

అరవై నాలుగులో తెనాలి నుంచి పున్నారావు వచ్చాడు. పిల్లల కడుపులో పురుగులకు పొడి అమ్మాలి. రేగోడ్ సంతకు రెండుసార్లు వెళ్లి, తీసుకెళ్లిన సంచి తీసుకెళ్లినట్టే మోసుకొచ్చాడు. ఆడవాళ్లు పిల్లల్ని లాక్కుని పారిపోతున్నారట. హైదరాబాదులో ఫ్యాను కింద కూర్చున్న మా పెద్దమనుషులు, ఏనాడైనా సంత దుమ్ము తొక్కారా, "ఈసారీ అమ్మకపోతే ఇంటికి పంపెయ్యి" అని జయానందంగారికి రాశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మా ఆవిడ నీళ్లోసుకుంది సార్. ఉద్యోగం పోతే ఏ మొహం పెట్టుకుని వెళ్లను?" అని పున్నారావు ఏడ్చేశాడు.

జయానందంగారు తువ్వాలు కప్పుకున్నారు. "ఏడుపాపు. అక్కడేం చెప్పినవో నాకు చెప్పు."

"అమ్మా, మీ పిల్లలకు బెల్లంలో కలిపి మందు పెట్టండి..."

లోపల రొట్టెలు చేస్తున్న ఆయన భార్య సౌభాగ్యమ్మ పరుగెత్తుకొచ్చింది. "అయ్యో తమ్మీ! కన్నపిల్లలకు మందు వెట్టుమన్నవా? కొట్టకుండ ఎట్ల ఇడిసిపెట్టిండ్రు?"

మందు పెట్టడమంటే తిండిలో ఏదో కలిపి మనిషిని వశం చేసుకోవడమని పున్నారావుకు తెలియక కాదు. కంగారులో తట్టలేదు, పాపం. పైగా ఊరికి కొత్త, యాస కొత్త.

"దవా అను. తినిపియ్యుండ్రి అను. ముందుగాల పిల్లగాని పేరడుగు" అన్నారు జయానందంగారు. ముసలమ్మ ఒప్పుకునేసరికి మధ్యాహ్నమైంది.

తరువాతి సంతకు జయానందంగారూ నేనూ కూడా వెళ్లాం. ఆయన గాజుల దుకాణం పక్కన నిలబడి చూస్తున్నారు. కిందటిసారి కేకలేసిన దానమ్మ అనే ఆవిడ తన కొడుకును వెనక్కి లాక్కుంది.

"పోయినసారి తప్పుమాట అన్నానమ్మా. బాబు పేరేంటి?" అన్నాడు పున్నారావు.

"ఎల్లం" అంది అనుమానంగా.

"ఇది దవా అమ్మా. బెల్లంలో... తినిపియ్యుండ్రి!"

తెనాలి నోట ఆ మాట విని ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. నవ్వుతూనే దానమ్మ చెయ్యి చాచింది. పొద్దు వాలేసరికి సంచి ఖాళీ.

మళ్లీ సంతలో దూరం నుంచే ఆమె కేక. "మందు వెట్టెటాయన వచ్చిండే! మావోడు మస్తు తింటుండు బిడ్డా. నిజంగనే మందు వెట్టినవ్ మాకు!"

ఆ సాయంత్రం పున్నారావు సిగ్గుపడుతూ సౌభాగ్యమ్మను అడిగాడు. "చిన్న కిరాయి ఇల్లు చూస్తారా అక్కా? మా ఆవిణ్ని ఇక్కడికే తెచ్చుకుంటాను."

ఆమె పకపకా నవ్వింది. "సూసినవా, మెదక్ గూడ నీకు మందు వెట్టింది తమ్మీ!"