అత్త తన తిండి తనే పోసుకున్న రోజులు

అత్త పోయిందన్న కబురు నాకు బళ్ళో అందింది. మధ్యాహ్న భోజనాల వేళ. పిల్లలు వరండాలో వరసగా కూర్చున్నారు, నేను గుడ్లు వడ్డిస్తున్నాను. మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ ఎల్పోనాదే. నిద్దట్లోనే. బండి తోలకు, ఆటో కట్టుకుని వచ్చీ," అన్నారు. సరే అన్నాను. చేతిలో గిన్నె కింద పెట్టకుండా మిగతా పిల్లలందరికీ గుడ్డు వేసి అప్పుడు బయల్దేరాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ తెలీదు. దారంతా ఏడుపు రాలేదు. ఒళ్ళు మాత్రం బరువెక్కిపోయింది. ఏళ్ళ తరబడి పడని అలసటంతా ఆ ఆటోలో ఒక్కసారిగా పడింది.

మా అత్త నాగావళి అవతల పల్లెలో పుట్టి, ఆ పల్లెలోనే కాపురం చేసిన రైతు మనిషి. ఉబాలకి దిగిందంటే, అంటే వరినాట్లకి, పక్క మడిలో వాళ్ళు కూడా ఆవిడ పాటకి చేతులాడించేవారట. మావయ్య పోయాక పల్లెలో ఒక్కర్తీ ఎందుకని మా దగ్గరికి అరసవల్లి తీసుకొచ్చేశాం. వచ్చేటప్పుడు ఒక ట్రంకుపెట్టె, ఒక చుట్టల కట్ట తెచ్చుకుంది. ఆవిడది అడ్డపొగ. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. మా వైపు ఆ తరం ఆడవాళ్ళలో చాలామందికి ఉండేది. చేలో గాలికీ వానకీ చుట్ట ఆరిపోకుండా అలవాటు చేసుకున్నారని అత్తే చెప్పింది.

ఆ నిప్పే అంగిట్లో పుండై, కేన్సరయింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు, తర్వాత కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. జబ్బు పోయిందన్నారు గాని, గొంతు బిగుసుకుపోయింది. చెంచాడు నీళ్ళు పోసినా పొలమారి ఊపిరాడేది కాదు. అప్పుడు పొట్టకి చిన్న చిల్లు పెట్టి గొట్టం వేశారు. ఇక తిండి, నీళ్ళు, మందులు అన్నీ ఆ గొట్టంలోంచే. మాట మాత్రం మిగిలింది, కాస్త ముక్కుతో వచ్చినట్టు. ఆ మిగిలిన మాటని అత్త ఒక్క పూట కూడా ఊరికే ఉంచలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి గొట్టం ఉంటే నేను చెప్పక్కర్లేదు. లేనివాళ్ళకి కొంచెం చెప్తాను. పొద్దున్నే చోడి అంబలి, అదే రాగిజావ, కాచి, గుడ్డలో వడకట్టి, చల్లార్చి, పెద్ద సిరంజితో కొద్దికొద్దిగా పోయాలి. తొందరపడితే కడుపుబ్బరం. పోశాక కాచిన నీళ్ళతో గొట్టం కడగాలి. సిరంజి మరగబెట్టాలి. మిగిలింది దాచకూడదు. మళ్ళీ పప్పు కట్టు, మళ్ళీ పాలు, మళ్ళీ వడకట్టడం. నేను బడికి వెళ్ళే ముందు ఒకటి, మధ్యాహ్నం ఆయన కొట్టు మూసి వచ్చి ఒకటి, సాయంత్రం మళ్ళీ నేను. ఇదంతా చెయ్యొచ్చు. అలవాటైపోతుంది. అలవాటు కానిది కడుపులో వచ్చే ఆ జబ్బు.

మొదటిసారి వచ్చినప్పుడు ఏదో పడలేదనుకున్నాం. జ్వరం, ఆపకుండా నీళ్ళ విరేచనాలు. ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించి, మందులిచ్చి పంపారు. ఒళ్ళు తేరుకునేలోపు మళ్ళీ వచ్చింది. పాలు మానేశాం. మళ్ళీ వచ్చింది. కుళాయి నీళ్ళు మాని టిన్ను నీళ్ళు తెప్పించి, వాటినీ మరగబెట్టాం. మళ్ళీ వచ్చింది. గొట్టం మార్చారు. కొన్నాళ్ళు బాగుంది. మంచం మీద దుప్పటి ఉతికి ఆరేసి, 'హమ్మయ్య, ఈసారికి అయిపోయింది' అని మనసులో అనుకోవడానికి కూడా భయపడేదాన్ని. అనుకున్న వారానికే మొదలయ్యేది.

తుఫాను వచ్చిన ఏడాది మాత్రం విచిత్రం జరిగింది. రోజుల తరబడి కరెంటు లేదు. మిక్సీ లేదు, ఫ్రిజ్ లేదు, వీధంతా బురద. అత్త ఇంక దక్కదనుకున్నాను. చోడిపిండి చేత్తోనే కలిపి, పాత చీర ముక్కలో వడకట్టి పోశాం. ఏమీ కాలేదు. అంతా శుభ్రంగా ఉన్న రోజుల్లో వచ్చి, ఆ మురికిలో రాకుండా పోయింది. "సూసినావా, గాలికి బెదిరిపోనాది," అని నవ్వింది అత్త. నాకు నవ్వు రాలేదు. ఏది చేస్తే వస్తుందో, ఏది చేస్తే రాదో తెలియకపోతే మనిషి దేన్ని పట్టుకుని నిలబడాలి?

ఆ తర్వాత వచ్చిన జ్వరానికి మా ఆడపడుచు విజయనగరం నుంచి వచ్చింది. తల్లి అంటే ప్రాణం ఆవిడకి. ఎముకలు తేలిన ఆ చేతులు చూసి ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, తిన్నగా వంటింట్లోకి వచ్చింది. సిరంజి వెలుతుర్లో పెట్టి చూసింది. వడకట్టే గుడ్డ వాసన చూసింది.

"బడికెళ్ళిపోయే మనిషివి, ఏటి శుభ్రం సేస్తావు నువ్వు? బేగి బేగి కడిగీసి ఎల్పోతావు. మా అమ్మకి ఊరికే వస్తాదేటి రోగం?" అంది.

వీధి గుమ్మంలో పక్కింటావిడ ఉంది. నా వేళ్ళ సందులు సబ్బుకి ఒరిసిపోయి ఉన్నాయి. చూపించుకోవడం నామోషీ అనిపించింది. అదీగాక, ఏమో, ఆవిడ చెప్పిందే నిజమేమోనని నాకూ లోపల ఒక పీకులాట ఉండేది.

అత్త మంచం మీంచి కేకేసింది. "ఒసే, ఇలగ రా. ఆ సిరంజి పట్రా."

కూతురు తెచ్చి ఇచ్చింది.

"రేపట్నించి నా తిండి నానే పోసుకుంతాను. నువ్వు ముట్టుకోకు, కోడల్ని ముట్టుకోనివ్వను. వండడం, వడకట్టడం కూడా నానే. సేతకాకపోతే పస్తుంతాను."

"అమ్మా, నీ సేతులు వణుకుతన్నాయి కదే!"

"వణికితే వణుకుతాయి. నావి కదా."

పంతానికి అన్నదనుకున్నాం. జ్వరం తగ్గి నిలబడగలిగిన రోజు నుంచీ నిజంగానే మొదలుపెట్టింది. స్టవ్ దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని అంబలి కాచుకునేది. మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకునేది. వరండాలో కుర్చీ మీద కూర్చుని, చీర చెంగు పక్కకి తీసి, ఒక చేత్తో సిరంజి పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో పోసుకునేది. మొదట్లో సగం ఒళ్ళోనే పోయేది. నేను గుమ్మం దగ్గర నిలబడితే, "ఏటి సూస్తన్నావు? బడికి ఎల్లు," అని కసిరేది. నాట్లేసిన చేతులు. వణుకుతూనే మెల్లగా లెక్క నేర్చుకున్నాయి.

కొన్ని నెలలు ఏ జబ్బూ రాలేదు. బుగ్గల్లోకి కాస్త కండ వచ్చింది. సాయంత్రం నేను బడి నుంచి రాగానే, "ఈవేళ పిల్లలు ఏటి తిన్నారు?" అని అడిగేది. సాంబారన్నం అంటే, అందులో ములక్కాడలు వేశారా, ఉప్పు సరిపోయిందా, అన్నీ కావాలి. నేను చెప్తుంటే కళ్ళు మూసుకుని వినేది. ఇంట్లో చేపల పులుసు కాస్తే వరండాలోంచే, "ఉల్లిపాయలు ఏగనేదు, ఇంకా ఏయించు," అనేది. నిజంగానే వేగి ఉండేవి కావు.

ఇంట్లో అందరం సంతోషించాం. నాకు ఆ సంతోషంలో ఒక ముల్లు ఉండేది. ఆవిడ చేతులతో రానిది, నా చేతులతో వచ్చిందంటే అర్థం ఒక్కటే కదా. ఎవరూ ఆ మాట అనలేదు. అనక్కర్లేదు.

ఒకరోజు పొద్దున్న అత్త కుర్చీలోంచి లేవలేకపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. మళ్ళీ అదే జ్వరం, అదే విరేచనాలు. ఆసుపత్రిలో చేర్చాం. సెలైను ఎక్కుతుండగానే అత్త నన్ను దగ్గరికి పిలిచింది.

"దానికి ఫోన్ సెయ్యి. గట్టిగా ఇనబడేలాగ ఎట్టు."

మా ఆడపడుచుకి చేసి స్పీకర్ పెట్టాను. మాట్లాడ్డానికి కూడా ఓపిక లేదు మనిషికి. ఒక్కో మాటకీ ఆగి ఆగి అంది: "మళ్ళీ వచ్చింది. నానే వండుకున్నాను. నానే కడుక్కున్నాను. నానే పోసుకున్నాను. కోడలు ముట్టుకోనేదు. ఇప్పుడు ఎవుల్ని తిడతావో తిట్టు."

ఫోన్ పెట్టేశాక అత్త నా చెయ్యి తీసి తన గుండెల మీద పెట్టుకుంది.

"రోగం వచ్చిందని ఏడవకే. ఈసారి ఒక మంచి పని సేసి పోతాది."

అప్పుడు ఏడ్చాను. ఆసుపత్రి వార్డులో, అందరూ చూస్తుండగా. పెళ్ళయి వచ్చాక ఎవరి ముందూ అంతలా ఏడవలేదు.

ఆ మధ్యాహ్నం బస్సుకే మా ఆడపడుచు వచ్చింది. మంచం కింద బకెట్లో నానుతున్న దుప్పట్లు తీసుకెళ్ళి, ఉతికి, ఆసుపత్రి డాబా మీద ఆరేసి వచ్చింది. తర్వాత నా పక్కన బెంచీ మీద కూర్చుని, "నువ్వు ఇంటికెళ్ళి కాసేపు పడుక్కో. నానుంతాను," అంది. అప్పట్నుంచీ ప్రతి జబ్బుకీ వచ్చేది. ఇద్దరం వంతులు వేసుకునేవాళ్ళం.

ఈసారి చూసిన డాక్టరమ్మ ఓపిగ్గా కూర్చుని చెప్పింది. జ్వరానికి వేసే మందులు చెడ్డవాటితో పాటు కడుపులో ఉండే మంచి క్రిముల్ని కూడా చంపేస్తాయట. అప్పుడు ఇంకో మొండి క్రిమి అక్కడ పెరుగుతుందట. ఒకసారి పట్టుకుంటే మళ్ళీ మళ్ళీ వస్తుందట, ఎంత శుభ్రంగా ఉన్నా. "ఎవరి తప్పూ కాదమ్మా," అంది.

అత్తకి అది వెంటనే అర్థమైంది. "వరి పోయిన మడిలో తుంగ మొలిసినట్టు," అంది. డాక్టరమ్మ నవ్వి, అంతేనంది. మందు మార్చింది.

అంతటితో జబ్బు నయమైందని రాయాలని ఉంది. కాలేదు. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ వచ్చేది. వచ్చినప్పుడల్లా మనిషి కొంచెం తరిగేది. నేను మందుల సంచీ సర్దుతుంటే, "నోట్లో నిప్పెట్టుకుని బతికినదాన్ని, జొరానికి బెదిరిపోతానేటి?" అనేది. చివరి రోజుల్లో ఆ మాట కూడా మానేసింది. "బెదురు నేదే. ఇసుగొచ్చేసినాది," అంది ఒకసారి, గోడ వైపు తిరిగి పడుకుని. నేను పక్కనే కూర్చున్నాను. నాకూ విసుగొచ్చిందని చెప్పలేదు. ఆవిడకి తెలుసు. చెయ్యి వెనక్కి చాపి నా మోకాలు తట్టింది.

చివరిసారి ఆసుపత్రి నుంచి తీసుకొస్తున్నప్పుడు తొలకరి. ఆటోలో ఒక పక్క నేను, మధ్యలో దిళ్ళు, ఆ పక్క అత్త. నాగావళి వంతెన మీద బస్సేదో ఆగిపోయి బళ్ళన్నీ నిలిచిపోయాయి. సన్నగా చినుకు మొదలైంది. అత్త ఆటో పక్కనున్న పరదా ఎత్తి చెయ్యి బయటికి చాపింది. అరచేతిలో చినుకులు పడుతుంటే చాలాసేపు చూసింది. తర్వాత ఆ తడి వేళ్ళు పెదాలకి రాసుకుంది. నాలుక కొంచెం బయటికి తెచ్చి ఆ తడిని తాకింది.

నా చేతిలో శుభ్రమైన తువ్వాలు ఉంది. తుడవబోయి ఆగిపోయాను.

"ఎలగున్నాది అత్తా?" అన్నాను.

"సల్లగ," అంది.

ముందున్న బస్సు కదిలింది. ఆటో కదిలింది. అత్త చెయ్యి లోపలికి తీసుకోలేదు. వంతెన దాటేదాకా వానలో అలాగే ఉంచింది.