ఏడాది ఉల్లిగడ్డల కోసం రాజురా దాకా

కిందటి వర్షాకాలంలో ఒక ఉదయం. చంద్రపూర్‌లో మా ఇంట్లో స్నానం ముగించి దీపం వెలిగించాను. అగరొత్తి వాసనను మించి ఇంకేదో వాసన వచ్చింది. స్తోత్రం పూర్తి చేసి లేచి, మంచం కింద గోనెపట్టా మీద పరిచిన ఉల్లిగడ్డలను చూశాను. పైకి ఎర్రగా, పెద్దగానే ఉన్నాయి. పట్టుకుంటే వేలు కాడ మొదట్లో ఉండే మెడలోకి దిగిపోయింది. మధ్యాహ్నం దాకా కూర్చుని ఏరితే సగం కూడా మిగల్లేదు. అవి తమ్ముడు మల్లేశ్ పంపినవి. ఫోన్ చేస్తే, "మీ ఇంట్ల చెమ్మ ఉన్నట్టుందక్కా" అన్నాడు. అందుకే ఈ వేసవిలో పంట ఇంకా నేలలో ఉండగానే చూసి రావాలని బయలుదేరాను.

పొద్దున ఆరింటి బస్సు. బల్లార్‌పూర్ మీదుగా, వార్ధా నది దాటి రాజురాకు గంట ప్రయాణం. టికెట్టు ముప్పై రూపాయల లోపే. విసాపూర్ దాటేసరికే ఎండ ఒళ్లోకి వచ్చింది. నిద్ర చాలలేదు, మోకాళ్లు నొప్పి. రాజురాలో దిగి కొర్పనా వైపు వెళ్లే షేర్ ఆటో ఎక్కాను, ఇరవై రూపాయలు. తెలంగాణ వేరు పడుతున్న రోజులు. డ్రైవర్‌కు దారంతా అదే ముచ్చట.

"గటు రాష్ట్రం రెండైతుందట. మనల్ని గూడ కలుపుకుంటరా అమ్మా?"

"హైదరాబాద్ రాష్ట్రంల ఉన్న రాజురాను బొంబాయిల కలిపిన్నాడు ఊరు కదలకుండనే మా నాయన రాష్ట్రం మారిండు బిడ్డా. బాయిల నీళ్లేం పెరగలే."

తమ్ముడి చేను చేరేసరికి ఎనిమిదిన్నర. మల్లేశ్ పారతో కాల్వ గట్టు సరిచేస్తున్నాడు. సాయంత్రం నాలుగింటికి కరెంటు వస్తే ఆఖరి తడి పెట్టాలని. వాడి భార్య లక్ష్మి మొహం ముడుచుకుని గట్టు మీద నిలబడింది. వానల్లో ధర వచ్చేదాకా పంటను నిల్వ ఉంచాలని, నేలకు మూరెడు ఎత్తున గాలి ఆడేలా వెదురు తడకల గది కట్టించింది. ఈసారి కుళ్లితే ఇక ఉల్లి వేసేది లేదని మల్లేశ్ ముందే చెప్పేశాడట.

"ఇంకొక్క తడి అక్కా. గడ్డ ఊరుతది."

"ఊరుతది. ఊరి కుళ్లుతది," అంది లక్ష్మి. "కాడ సగం వాలింది వదినే. ఇప్పుడు నీళ్లు తాపితే మెడ ఎండుతదా? చెప్తే వినడు. పత్తికి పెట్టినట్టు పెడ్తడు."

నేను కాల్వ పక్కన ఒకటి, చేను కొసన ఒకటి పీకి చూశాను. మొదటిది పిడికిట్లో పట్టలేదు, దాని మెడ బొటనవేలంత లావు. రెండోది చిన్నది, గట్టిది, మెడ దారంలా ఉంది.

"కిందటేడు నాకు పంపినవి ఏ మడివిరా?"

లక్ష్మికి నవ్వు ఆగలేదు. "కాల్వ మొదట్లయి వదినే. అక్కకు చిన్నయి పంపితే ఇజ్జత్ పోతదని ఒక్కొక్కటి ఏరిండు. నీళ్లందని కొస మడులల్ల గోళీలంతయి మేం తిన్నం. దీపావళి దాకా ఒక్కటి కుళ్లలే."

"మా ఇంట్ల చెమ్మ అంటివి గదరా."

"మరేమనాలె అక్కా," అన్నాడు, పార కేసి చూస్తూ.

నాకు కోపం రాలేదు, అలసటగా మాత్రం ఉంది. పెద్దది మంచిదని వాడు ఏరాడు, పెద్దది చూసి నేనూ మురిశాను. గడ్డ ఊరే రోజుల్లో నీళ్లు కావాలి, తగ్గితే గోళీలే మిగులుతాయి. కానీ కాడ వాలడం మొదలయ్యాక పెట్టే తడి తూకానికే, నిల్వకు కాదు. ఏడాదికి కొనుక్కోవడానికి వెళ్లేవారు ధర కంటే ముందు ఆఖరి తడి ఎప్పుడు పెట్టారో అడగండి.

నాలుగు దాటాక కరెంటు వచ్చింది. చాయ్ తాగుతూ ముగ్గురం తేల్చుకున్నాం: ఇక తడి లేదు. కాల్వ మొదటి మడులవి పీకి ఆరగానే అమ్మేయాలి. కొస మడులవి తడకల గదిలో పోయాలి, నాకూ వాటిలోంచే. పంట పీకేదాకా మోటారు స్టార్టర్ పెట్టె తాళంచెవి లక్ష్మి కొంగున ఉంటుంది.