పనిలో ఉన్న బండి

ఈవేళ నా పాత స్కూటర్‌కి తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూస్తుంటే, ఆ వాసనకి రాజోలులో మా కొబ్బరాకుల పాక గుర్తొచ్చింది. అందులో నాన్నగారి పాత జీపు చక్రాల్లేకుండా ఇటుకల మీద ఉండేది.

“తుక్కుకి ఇచ్చేయండి బావగారూ,” అనేవారు మావయ్య, వచ్చినప్పుడల్లా.

“తుక్కేంటండీ? బండి పనిలో ఉందండి!” అంటూ నాన్నగారు మళ్లీ ఉప్పుకాగితంతో తుప్పు గీకి రెడాక్సైడ్ పూసేవారు.

చిన్నప్పుడు నేను పనిలో ఉందంటే ఉద్యోగం చేస్తోందనుకున్నాను. చక్రాలేవని బళ్లో పిల్లలు వెక్కిరిస్తే, అది కూర్చుని చేసే ఉద్యోగమని పోట్లాడాను.

ఆ జీపు రోడ్డెక్కనే లేదు. అయితేనేం, నాన్నగారి చెయ్యి దానిమీద ఉన్నన్నాళ్లూ దాన్ని తుక్కు అనే హక్కు ఎవరికీ లేదు.

ఇందాక పక్కింటాయన గోడమీంచి తొంగిచూసి, “ఇంకా అమ్మలేదాండీ?” అన్నారు.

“ఎలా అమ్ముతానండీ? అది ఉద్యోగంలో ఉంది!” అన్నాను.