ఎడమ చెంప మీద నీడ

హాలీవుడ్‌లో ఓపల్ స్వెన్సన్ చేసే ఉద్యోగం నిలబడటం. లైట్లు సర్దినంతసేపూ హీరోయిన్ ఉండాల్సిన చోట తను ఉండాలి, అన్నీ కుదిరాక తప్పుకోవాలి. ఏళ్లు గడిచినా ఆమె ముఖం ఒక్క సినిమాలోనూ పడలేదు, పడబోదు కూడా. చిన్నప్పుడు సొంత రాష్ట్రం నెబ్రాస్కాలో పొయ్యి మీద పడి ఎడమ చెంప కాలింది. ఆ మచ్చ కనబడకుండా జుట్టు అటువైపే దువ్వుకుంటుంది.

ఆ రోజు ఆఖరి సన్నివేశం. ఊరూరా ఆడవాళ్లను ఏడిపించిన నవలనే సినిమాగా తీస్తున్నారు. చివర్లో హీరోయిన్ క్షయతో చచ్చిపోవాలి. పొద్దుటి నుంచీ ఆ మంచం మీద ఓపలే పడుకుని ఉంది.

"ఇంకా ఎంతసేపు చస్తారండీ? కాఫీ చల్లారిపోతోంది," నిచ్చెన మీంచి అన్నాడు లైట్‌మేన్ ఎమెట్.

"చచ్చేది నేను, పేరొచ్చేది ఆవిడకి. మీరు త్వరగా కానిస్తే బతికిపోతాను."

ఎమెట్‌తో ఎప్పుడూ ఇదే తంతు. పరాచికాలకు లోటు లేదు, అసలు మాట మాత్రం నోరు దాటదు. ఎదురుచూసి ఎదురుచూసి ఓపల్ విసిగిపోయింది.

"శనివారం రైలుకి మా అక్క దగ్గరికి వెళ్లిపోతున్నాను. ఇక రాను," అంది. ఆపుతాడేమోనని ఆశ.

"అలాగా," అన్నాడు ఎమెట్.

ఓపల్ లేచి పక్కకు తప్పుకుంది, హీరోయిన్ వచ్చి మంచమెక్కింది. కెమెరామన్ ఒట్టో చూసి గయ్యిమన్నాడు.

"ఎమెట్! ఎడమ చెంప మీద ఆ నీడేంటయ్యా? మచ్చా మరకా లేని మొహం, దేన్ని దాస్తున్నావ్?"

ఓపల్ చెయ్యి తన చెంప మీదికి పోయింది. తలెత్తి చూస్తే లైటుకు అడ్డంగా చిన్న నల్లగుడ్డ. ఎవరూ చూడని తన ముఖానికి ఎమెట్ ఇన్నాళ్లూ ఆ నీడ కల్పిస్తూ వచ్చాడన్నమాట! హీరోయిన్ వచ్చేలోగా రోజూ విప్పేసేవాడు. ఇవాళ రైలు మాట విని మరిచిపోయాడు.

ఎమెట్ కిందికి దిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. "లైటు పడగానే మీరు మొహం తిప్పుకునేవారు. అందుకని..."

ఓపల్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"చావాల్సింది ఆవిడయ్యా, త్వరగా తేల్చు!" ఒట్టో అరిచాడు.

"నాకేం తొందర లేదు. ముందు వాళ్ల సంగతి కానివ్వండి," అంది మంచం మీంచి హీరోయిన్.

ఓపల్ లైటు కిందికి వచ్చి జుట్టును చెవి వెనక్కి తోసింది. "ఆ గుడ్డ విప్పేసి, ఇటు చూడండి."

ఎమెట్ నిచ్చెనెక్కి విప్పి, దిగి వచ్చాడు. వెలుతురులో ఆ చెంపను తనివితీరా చూశాడు.

"రైలెక్కకండి," అన్నాడు.