రెండో బండి రాని పొద్దు

మా చిన్నప్పుడు డోర్నకల్‌లో మా నాయినమ్మ గడియారం రైలు పట్టాల మీద నడిచేది...

గోడకు నిజం గడియారం కూడా ఉండేది. కానీ ఆమెకు ముళ్లు చూడడం రాదు. పొద్దున కాజీపేట వైపు పోయే బండి కూత పెడితే ఇన్సులిన్ వేసుకునేది. తర్వాత అరగంటకు ఎదురుగా వచ్చే బండి కూత వినబడితే రొట్టె తినేది. సూదికీ తిండికీ మధ్య ఎంతసేపు ఉండాలో డాక్టర్ చెప్పిన లెక్కను ఆమె అలా రెండు కూతల్లోకి మార్చుకుంది.

మాకు ఫ్రిజ్ లేదు. మందు సీసాను చిన్న ముంతలో పెట్టి, ఆ ముంతను తడి ఇసుక నింపిన కుండలో కూర్చోబెట్టేవాళ్లం. ఎండాకాలం కూడా ముంత చల్లగా ఉండేది. అమ్మ మిరపకాయలు ఏరడానికి పోయే ముందు సిరంజిలో మందు నింపి అందులోనే పెట్టి పోయేది. పొట్ట మీద చర్మం పట్టుకుని నాయినమ్మే పొడుచుకునేది. మొహంలో చిన్న మడత కూడా పడేది కాదు...

నాకూ ఒక ఉద్యోగం ఉండేది. చక్కెర డబ్బాకు కాపలా!

నాయినమ్మ చాయ్‌లో దొంగతనంగా చక్కెర వేసుకునేది. అందుకని అమ్మ ఆ డబ్బా నా చేతికిచ్చి, "ఆమె ఎంత బతిలాడినా ఇయ్యకు" అని చెప్పింది. ఐదో తరగతి పిల్లకు అంత అధికారం దొరికితే ఊరుకుంటుందా! బియ్యం డ్రమ్ము అడుగున దాచేదాన్ని.

ఆ రోజు బడికి సెలవు. మొదటి బండి పోయింది, నాయినమ్మ సూది వేసుకుంది. రెండో బండి రాలేదు. రొట్టె కంచంలోనే ఉంది.

"తినరాదే నాయినమ్మా, సల్లగైతాంది" అన్నాను.

"బండి రాలే కద బిడ్డా. యాళ్ల కాకముందే తింటే డాక్టరు తిడ్తడు."

నేను అంతటితో వదిలేసి వాకిట్లో అచ్చనగాయలు ఆడుకుంటూ కూర్చున్నాను. చాలాసేపటికి లోపలి నుంచి పిలుపు... "బిడ్డా, జర చక్కెర పెట్టు."

నాకు నవ్వొచ్చింది. "నీ నాటకాలు నాకెర్కనే! ఇయ్య."

"ఒక్క చెంచ..."

"ఇయ్యనంటే ఇయ్య. అమ్మ రానీ, చెప్త."

మళ్లీ అడగలేదు. ఆమె అంత తొందరగా ఓడిపోయే మనిషి కాదే అని లోపలికి తొంగి చూశాను. గోడకు జారగిలబడి ఉంది. రవిక చెమటకు తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. నా వైపు చూస్తోంది కానీ, నన్ను గుర్తుపట్టినట్టు లేదు...

పక్కింటి ఎలీశమ్మ పెద్దమ్మ దగ్గరికి పరుగెత్తాను. వాళ్లాయన కూడా ఇన్సులిన్ వేసుకునేవాడు. వస్తూనే నాయినమ్మ నుదురు తాకింది.

"సూది ఏసుకున్నదా?"

"ఏసుకున్నది."

"తిన్నదా?"

"బండి రాలేదని తినలే..."

"ఓ దేవా! షుగర్ పడిపోయిందే. చక్కెర ఏది?"

అప్పుడు కూడా నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "అమ్మ ఇయ్యద్దన్నది."

"మీ అమ్మకు నేను చెప్త. తే ముందుగాల!"

డ్రమ్ములో చెయ్యి పెట్టాను. నేనే దాచిన డబ్బా నాకే దొరకదు! బియ్యమంతా నేల మీద చల్లి మరీ తీశాను. పెద్దమ్మ నీళ్లలో నాలుగు చెంచాలు కలిపి, "మింగుతాంది, భయం లేదు" అంటూ కొద్దికొద్దిగా తాగించింది.

కాసేపటికి నాయినమ్మ కళ్లు నా మీద నిలిచాయి. "ఇంకో చెంచ ఎయ్యి. ఈ పిల్ల మల్లెప్పుడు పెడ్తదో" అంది పెద్దమ్మతో.

పెద్దమ్మ పకపకా నవ్వింది. నేను ఏడ్చాను. సరిగ్గా అప్పుడే రెండో బండి కూత పెట్టింది.

"అగో, ఒచ్చింది" అని కంచం దగ్గరికి జరుపుకుంది నాయినమ్మ.

మర్నాడు దవాఖానలో డాక్టర్ ఆమెను ఎప్పుడూ చక్కెర దగ్గర పెట్టుకోమన్నాడు. ఆ రోజు నుంచి నా ఉద్యోగం మారింది. గడియారం చూసి రొట్టె పెట్టడం, పొద్దున్నే చిన్న కాగితం పొట్లంలో చక్కెర పోసి ఆమె కొంగుకు ముడివేయడం. సాయంత్రం విప్పి చూసేదాన్ని. చిటికెడు కూడా తగ్గేది కాదు. నా కాపలాలో ఎన్నిసార్లో దొంగిలించిన మనిషి, తన కొంగులోనే ఉన్న చక్కెరను ఒక్కసారి కూడా ముట్టలేదు...

నాయినమ్మ ఇప్పుడు లేదు. నేను హనుమకొండలో చదువుకుంటున్నాను. మా నాయినకూ ఇన్సులిన్ మొదలైంది. పెన్నులాంటి సూది, ఇంట్లో ఫ్రిజ్, ఫోన్లో అలారం... అన్నీ టైముకే జరుగుతున్నాయి. ఇంటికి పోయినప్పుడు మాత్రం పొద్దున బండి కూత వినగానే నా చెయ్యి దానంతటదే ఒక కొంగు కోసం వెతుకుతుంది. నాయిన చొక్కా జేబులో చక్కెర పొట్లం పెట్టి ఊరుకుంటాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ల కొంగు ముడిలో ఏముండేది? గుర్తుంటే చెప్పరూ...