సాంచాలు ఆగిన పూట

కుట్టుమిషన్లకు నూనె వేసిన పొద్దున కొత్త బట్ట గంజి వాసనతో ఆ నూనె వాసన కలిసి ఇల్లంతా పట్టుకుంటుంది. అందరూ ముక్కు మూసుకుంటారు గానీ నాకు మాత్రం ఆ వాసన లేకపోతే తెల్లవారినట్టే ఉండదు. మొన్న సరిగ్గా ఆ వేళకే మున్సిపాలిటీ మనిషి ఒకాయన కోరుట్లలోని మా ఇంటి గడప దగ్గర నిలబడి, ముందుగదిలోని మిషన్లనూ, వెనక గదిలో మంచం మీద పడుకున్న నా కూతురినీ మార్చి మార్చి చూసి, "గిది ఇల్లా, దుకాణమా మేడమ్?" అన్నాడు. ఉండటానికని అనుమతి తీసుకున్న ఇంట్లో నలుగురిని పెట్టుకుని స్కూలు యూనిఫాంలు కుట్టించకూడదట. వేరే అనుమతి తెచ్చుకోవాలి, లేదా మిషన్లు బయటికి మార్చాలి. ఇన్నేళ్లు లేని రూలు ఇవాళే ఎట్లా గుర్తొచ్చింది? ఎవరో చెప్పే ఉంటారు. ఎదురింటావిడా? మూల మీది టైలరా? నెల కిందట మా దగ్గరికి వచ్చిన అమ్మ, నేను ఒక్కొక్కరినే అనుమానిస్తూ పోతుంటే, "అచ్చం మీ నాయనమ్మ లెక్కనే ఉన్నవ్" అని ఊరుకుంది.

నిజమే. మా నాయనమ్మకు దేవుడి మీద కూడా ఒక కన్ను ఉండేది. సిరిసిల్లలో మా ఇంటి ముందుగది నిండా మరమగ్గాలు, మా భాషలో సాంచాలు. వాటి వెనక గదిలో మేము, ఆ వెనక పొయ్యి. పొద్దున మొదలైన చప్పుడు కరెంటు పోతే తప్ప ఆగేది కాదు కాబట్టి మా ఇంట్లో మాట్లాడటం అంటే అరవడమే. బాపు, అంటే మా నాన్న, సాంచాల మధ్య నుంచి చేత్తో గుండ్రంగా తిప్పితే నూలు చుట్టిన కండె అయిపోయిందని, బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్ కావాలని మాకు అర్థం. గాలిలో ఎప్పుడూ నూలు పొట్టు తేలుతూనే ఉండేది. అన్నం మీద ఎర్ర పీచు కనబడితే లంగాల బట్ట నడుస్తున్నట్టు. సకినాలు చుట్టే రోజుల్లో నాయనమ్మ తడిగుడ్డ మీద పిండి చుట్లు వేస్తూ, పైన ఇంకో చీర పందిరిలా కట్టినా పొట్టు ఎక్కడి నుంచో వచ్చి వాలేది, మేము దాన్ని నువ్వులతో పాటే నమిలేసేవాళ్లం. ఖాళీ కండెలతో కోటలు కట్టి, వాటిని గోలీలతో కూల్చడం నా ఆట. తమ్ముడు పుట్టాక వాడి ఉయ్యాల కూడా సాంచాల గది గోడకే వేలాడింది. ఆ చప్పుడు లేకపోతే వాడికి నిద్ర పట్టేది కాదు. దగ్గు మాత్రం వాడిని వదల్లేదు, అమ్మ ఎంత వాము వేడిచేసి గుడ్డలో కట్టి ఛాతీ మీద అద్దినా.

ఒకరోజు కరెంటు లైన్‌మన్ బాపు చెవిలో ఒక మాట వేసిపోయాడు. ఎవరో ఆఫీసుకు పోయి చెప్పారట. ఇళ్ల మధ్య, అందులోనూ పసిపిల్లలున్న ఇంట్లో సాంచాలు నడపడం తప్పట. గురువారం చూడటానికి వస్తారు, రుజువైతే కరెంటు కట్ చేస్తారు. ఇల్లైనా ఉండాలి, కార్ఖానా అయినా ఉండాలి, రెండూ ఒక్క కప్పు కింద ఉండవు. బాపు ముఖం మాడిపోయింది. ఊరి బయట షెడ్డు కిరాయికి తీసుకుంటే, వంట మధ్యలో అమ్మ, కూర్చున్న చోటే నాయనమ్మ కండెలు చుట్టే వీలు పోతుంది, కూలికి మనిషిని పెట్టుకోవాలి, ఇక మిగిలేదేముంటుంది?

"గా సారు పెండ్లామే చెప్పింది," అని నాయనమ్మ అప్పుడే తేల్చేసింది. పక్కన కొత్తగా ఇల్లు కట్టుకున్న బడిపంతులు భార్య, మా శారదత్త. "నిద్ర పడ్తలేదన్నది కాదు మొన్న! ఆమె ఇల్లు కట్టకముందు నుంచే మా సాంచాలున్నయి." అంతే, ఆ ఇంటి గిన్నెలు మా ఇంట్లో అనాథలైపోయాయి. కూర పెట్టిచ్చిన గిన్నెను మా వైపు ఎవరూ ఖాళీగా తిరిగివ్వరు, చారెడు బియ్యమైనా వేసి ఇస్తారు. నాయనమ్మ శారదత్త గిన్నెను కడిగి, బోర్లించి, ఖాళీగా నా చేత పంపింది. సద్దుల బతుకమ్మ రోజు మా బతుకమ్మను ఆమె బతుకమ్మ పక్క నుంచి తీసి దూరంగా పెట్టింది. శారదత్త మాత్రం రొట్టెలు బెల్లంతో నలిపి చేసిన మలీద ముద్ద ఒకటి నా చేతిలో పెట్టి పోయింది. అది తినొద్దని నాయనమ్మ కళ్లతోనే బెదిరించింది గానీ, నేను మింగేశాను.

గురువారం మా ఇంట్లో నాటకం మొదలైంది. సాంచాలు ఆపి, వాటి మీద బొంతలు, చద్దర్లు కప్పి, ముందర మంచం వేసి నాయనమ్మను రోగిలా పడుకోబెట్టారు. వచ్చినాయన లోపల కాలు పెట్టాడో లేదో, అలవాటు లేని ఆ నిశ్శబ్దానికి తమ్ముడు ఉలిక్కిపడి లేచి కేకలు అందుకున్నాడు. నాయనమ్మకు గుసగుసలాడటం ఎట్లా తెలుస్తుంది? మెల్లగా అంటున్నాననుకుంటూ వీధి చివరికి వినబడేలా, "ఓ విమలా, మూలకున్న సాంచె మీద బొంత కప్పినవా లేదా?" అని అమ్మను అడిగింది. బాపు తల పట్టుకున్నాడు. వచ్చినాయన నవ్వు ఆపుకోలేక, "కప్పిండ్రులే అవ్వా, మంచిగనే కప్పిండ్రు" అన్నాడు. ఆ తర్వాత ఉయ్యాల వైపు తిరిగి, "బాబుకు దగ్గు తక్కువైందా అమ్మా?" అని అడిగాడు. అప్పుడు తమ్ముడు ఏడుస్తున్నాడే గానీ దగ్గడం లేదు. దగ్గు సంగతి ఇతనికెట్లా తెలుసని నా చిన్న బుర్రకు అప్పుడే తట్టింది. శారదత్తే చెప్పిందనుకున్నాను.

సాంచాలు ఊరి బయటి షెడ్డుకు పోయాయి. ఎన్నో రాత్రులు మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, ఇంత నిశ్శబ్దంలో ఎట్లా పడుకుంటారని. కూలి ఇచ్చుకోలేక బాపు రెండు సాంచాలు అమ్మేశాడు. తమ్ముడి దగ్గు తగ్గింది, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నాయనమ్మ పోయేదాకా శారదత్తతో మాట్లాడలేదు.

నిన్న రాత్రి అన్నాల దగ్గర నేను మళ్లీ ఎదురింటావిడ మీద పడేసరికి అమ్మ కంచం పక్కకు జరిపింది. "ప్రతిదానికి పక్కింటోళ్లను అనకు బిడ్డా. అప్పుడు ఆఫీసుకు పోయి చెప్పింది నేనే. నీ తమ్మున్ని ఎత్తుకొనే పోయిన. వాని దగ్గు ఇన్నడు గా ఆఫీసు సారు."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "మరి శారదత్త?"

"ఆమెకు ఎర్కనే. నేను పోయినప్పుడు నిన్ను చూసుకున్నది ఆమెనే. మాట పడ్డది గని నా పేరు చెప్పలే."

ఆ ఖాళీ గిన్నె మోసింది నేనే కదా. ఇప్పుడు ఆ వీధిలో ఏ ఇంట్లోనూ సాంచె లేదు, శారదత్త లేదు, బొటనవేలు నోటి దగ్గర పెట్టి చాయ్ అడిగేవాళ్లు లేరు. అప్పుడు తట్టింది నాకు. అమ్మ వచ్చి నెల. ఆఫీసు మనిషి వచ్చింది మొన్న.

"ఇప్పుడు గూడ నువ్వేనా?" అన్నాను. ముందుగదిలో రాత్రి పని నడుస్తోంది. నా గొంతు నాకే అరుపులా వినిపించింది. ఒళ్లు మండిపోయింది.

అమ్మ వెనక గది వైపు తల తిప్పి, "గా మిషన్లు జర బంద్ చేపిచ్చి ఇను," అంది.

లేచి వెళ్లి స్విచ్ ఆపాను. వెనక గదిలో నా కూతురు దగ్గుతోంది.